ఏ రకం? ఏ విషం? హైదరాబాద్ అడగాల్సిన స్ట్రెప్టోకాకస్ ప్రశ్న

2024 ఫిబ్రవరి నెలాఖరులో హైదరాబాద్ పిల్లల డాక్టర్ల దగ్గరికి స్కార్లెట్ జ్వరం కేసులు వరసగా రావడం మొదలైంది. జ్వరం, గొంతునొప్పి, చేతికి గరుగ్గా తగిలే ఎర్రటి దద్దురు, బొడిపెలు తేలి ఎర్రబడిన నాలుక – ఇవి కనిపిస్తే పిల్లల్ని పంపవద్దని కొన్ని బడులు తల్లిదండ్రులకు సందేశాలు పెట్టాయి. పత్రికలు రాశాయి, టీవీలు చెప్పాయి. యాంటీబయాటిక్ కోర్సులతో పిల్లలు తేరుకున్నారు, పరీక్షల కాలం వచ్చింది, వార్త సద్దుమణిగింది. నేను చదివిన కథనాల్లో లక్షణాల వివరం ఉంది, జాగ్రత్తల జాబితా ఉంది. ఆ పిల్లల గొంతుల్లో ఉన్న బ్యాక్టీరియా ఏ రకానిది, అది ఏ విషాన్ని తయారుచేస్తోంది అన్న ప్రశ్న మాత్రం ఎక్కడా కనిపించలేదు.

అదే ఏడాది జపాన్ ఇదే బ్యాక్టీరియాతో సతమతమైంది. అక్కడ పెరిగింది స్ట్రెప్టోకాకల్ టాక్సిక్ షాక్ సిండ్రోమ్. గంటల వ్యవధిలో రక్తపోటు పడిపోయి, మూత్రపిండాలు, కాలేయం, ఊపిరితిత్తులు ఒకదాని వెంట ఒకటి పనిచేయడం మానేసే జబ్బు ఇది. సోకినవాళ్ళలో నూటికి ముప్పై మందికి తక్కువ కాకుండా చనిపోతారు. 2023లో జపాన్‌లో 941 కేసులు నమోదైతే, 2024లో జూన్ మొదటి వారానికే ఆ సంఖ్య దాటిపోయింది. కేసుల సంఖ్యతో పాటు వాళ్ళ చేతిలో మరో సమాచారం కూడా ఉంది: తిరుగుతున్న రకాలేవి, వాటిలో బ్రిటన్‌లో మొదట గుర్తించిన కొత్త శాఖ ఎంతవరకు ఉంది అన్నది. మన దగ్గర లేనిది ఈ రెండో సమాచారమే. అది లేకపోవడం వల్ల మనం ఏం కోల్పోతున్నామో చెప్పాలంటే ఈ క్రిమి గురించి నూటయాభై ఏళ్ళుగా పోగుపడిన జ్ఞానాన్ని ఒకసారి కలయజూడాలి.

తెలుగు కుటుంబాలకు ఈ క్రిమి కొత్తది కాదు. పిల్లలకు తరచూ వచ్చే టాన్సిల్స్ వాపు, వానాకాలంలో కాళ్ళమీద లేచే చీము కురుపులు, ఆ కురుపులు మానిన రెండు మూడు వారాలకు మొహం ఉబ్బి మూత్రం ముదురు రంగులో వచ్చే కిడ్నీ జబ్బు, కీళ్ళవాత జ్వరం, దాని వెనకాలే చెడిపోయే గుండె కవాటాలు, మన నాయనమ్మల తరం వణికిపోయిన బాలింత జ్వరం – వీటిలో చాలావాటి మూలం స్ట్రెప్టోకాకస్ పయోజీనస్. గొలుసుల్లా కనిపించే ఈ కణాలకు 1874లో స్ట్రెప్టోకాకస్ అన్న పేరు పెట్టింది వియన్నా సర్జన్ థియోడార్ బిల్‌రోత్. 1884లో రోజెన్‌బాక్ దానికి పయోజీనస్ అని చేర్చాడు. 1930ల మొదట్లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో రెబెకా లాన్స్‌ఫీల్డ్ కణగోడలోని చక్కెర పదార్థాన్ని బట్టి స్ట్రెప్టోకాకస్‌లను ఎ, బి, సి అంటూ గ్రూపులుగా విడదీసింది. మనిషికి అత్యధికంగా హాని చేసేది గ్రూప్ ఎ. నవజాత శిశువులకు ప్రమాదం తెచ్చే గ్రూప్ బి గురించి వేరే వ్యాసం రాయాలి. ఇక్కడ గ్రూప్ ఎ దగ్గరే ఉంటాను.

2005లో వెలువడిన ప్రపంచ అంచనా ప్రకారం గ్రూప్ ఎ తీవ్ర జబ్బులతో ఏటా కనీసం 5,17,000 మంది చనిపోతున్నారు. అందులో రక్తంలోకి, కండరాల్లోకి చొచ్చుకుపోయే రూపాల వల్ల పోయేవాళ్ళు 1,63,000 మంది. మిగతా వాటిలో పెద్ద వాటా కీళ్ళవాతం మిగిల్చిన గుండె జబ్బుది. ఆ భారం ఎక్కువగా మోస్తున్నవి మనలాంటి దేశాలు. పరిశోధనలో ఎక్కువ భాగం మాత్రం అమెరికా, బ్రిటన్, జపాన్, ఆస్ట్రేలియాల్లో జరిగింది.

లాన్స్‌ఫీల్డ్ గ్రూపులతో ఆగలేదు. గ్రూప్ ఎ లోపలే రకాలున్నాయని, వాటిని వేరుచేసేది కణం మీద నూగులా నిలబడే ఎం ప్రోటీన్ అని చూపించింది. రెండు తంతువులు ఒకదాన్నొకటి పెనవేసుకున్న నిర్మాణమది. రక్తంలోని తెల్లకణాలు క్రిమిని మింగకుండా అడ్డుపడడం దాని పని. రక్తంలోని ఫైబ్రినోజన్‌ని, ఫ్యాక్టర్ హెచ్ లాంటి ప్రోటీన్లని ఒంటికి అతికించుకుని, శరీరం దాన్ని పరాయిదిగా గుర్తుపట్టకుండా చేస్తుంది. ఒక రకానికి పుట్టిన రోగనిరోధకత మరో రకాన్ని సాధారణంగా ఆపదు. అందుకే ఒకే పిల్లాడికి ఏటా కొత్తగా గొంతునొప్పి వస్తుంది. ఎం ప్రోటీన్‌లోని కొన్ని భాగాలు మన గుండె కండరంలోని మయోసిన్‌ను పోలి ఉంటాయి. క్రిమి మీదికి పుట్టిన ప్రతిరక్షకాలు గుండె మీద కూడా పడడం వెనక ఉన్నది ఈ పోలికే.

ఒకప్పుడు రకం కట్టడానికి ప్రతి ఎం ప్రోటీన్‌కీ కుందేళ్ళలో తయారుచేసిన సీరం కావాలి. అవి ప్రపంచంలో కొద్ది ప్రయోగశాలల్లోనే ఉండేవి. 1990ల నుంచి ఆ అవసరం పోయింది. ఎం ప్రోటీన్ జన్యువు మొదటి భాగాన్ని పీసీఆర్‌తో పెంచి, దాని క్రమం చదివి, అందరికీ అందుబాటులో ఉన్న డేటాబేస్‌తో పోలిస్తే రకం తెలిసిపోతుంది. ఇప్పటికి 200కు పైగా రకాలు తేలాయి. 2014లో వాటిని నిర్మాణం, పని ఆధారంగా 48 సమూహాలుగా కూర్చారు. కొన్ని జన్యు నమూనాలు గొంతును ఇష్టపడతాయి, కొన్ని చర్మాన్ని, మరికొన్నింటికి రెండూ ఒకటే.

రకం తెలిసినంత మాత్రాన ప్రమాదం తెలిసిపోదు. విషాల కథ ఇక్కడ మొదలవుతుంది.

1920ల్లో షికాగోలో జార్జ్ డిక్, గ్లాడిస్ డిక్ దంపతులు స్కార్లెట్ జ్వరంలో ఒంటిమీద తేలే దద్దురుకు కారణం క్రిమి వదిలే ఒక విషమని నిరూపించారు. 1927లో ఫ్రోబిషర్, బ్రౌన్ అనే ఇద్దరు పరిశోధకులు వింత విషయం గమనించారు: విషం చేయని స్ట్రెప్టోకాకస్‌ను, విషం చేసే దాన్ని పెంచి వడగట్టిన ద్రవంలో ఉంచితే అది కూడా విషం చేయడం నేర్చింది. దీని కీలకం 1984లో అమెరికన్ ప్రయోగశాలల్లో తేలింది. స్పె-ఎ అని పిలిచే ఆ విషపు జన్యువు అసలు బ్యాక్టీరియాది కాదు. బ్యాక్టీరియాకు సోకే ఫేజ్ అనే వైరస్ దాన్ని మోసుకొచ్చి కణంలో దించుతుంది. స్పె-సి, ఎస్ఎస్ఎ లాంటి మరికొన్ని విషాలూ ఇలాగే ఫేజ్‌ల మీద ప్రయాణిస్తాయి. స్మె-జడ్, స్పె-జి లాంటివి బ్యాక్టీరియా సొంత క్రోమోజోమ్ మీదే ఉంటాయి. అంటే ఒకే ఎం రకంలో ఒక శాఖ స్పె-ఎతో, మరో శాఖ అది లేకుండా తిరగవచ్చు. ఏ ఊళ్ళో ఏ ఫేజ్‌లు తిరుగుతున్నాయన్నదాన్ని బట్టి అదే రకం ఒకచోట మామూలు గొంతునొప్పిగా, మరోచోట ప్రాణాంతకంగా మారవచ్చు. కనుక రకం ఒక్కటి అడిగితే సగం ప్రశ్న అడిగినట్టే.

ఈ విషాలను సూపర్ యాంటిజెన్లు అంటారు. మామూలుగా ఒక సూక్ష్మజీవి ముక్కను రోగనిరోధక కణం చూపిస్తే, ఆ ముక్కను గుర్తించగల టి కణాలు మాత్రమే కదులుతాయి. పది వేలకు ఒకటో అరో. హైటెక్ సిటీ ఆఫీసు గేటు దగ్గర ఎవరి బ్యాడ్జీ వాళ్ళకు అనుమతి ఉన్న తలుపునే తీసినట్టు. సూపర్ యాంటిజెన్ బ్యాడ్జీ చూపించదు, తలుపు చట్రాన్నే పట్టి తెరిచిపెడుతుంది. రోగనిరోధక కణాన్నీ టి కణాన్నీ అసలు గుర్తింపు జరిగే చోట కాకుండా పక్కనుంచి పట్టి కట్టేస్తుంది. ఒంట్లోని టి కణాల్లో ఐదో వంతు దాకా ఒక్కసారిగా లేచి సైటోకైన్లనే సంకేత రసాయనాలను కుమ్మరిస్తాయి. రక్తనాళాలు కారిపోతాయి, రక్తపోటు పడిపోతుంది. టాక్సిక్ షాక్‌లో రోగిని చంపేది చాలావరకు ఈ ఉప్పెనే.

సూపర్ యాంటిజెన్లతో పాటు ఇంకా చాలా ఆయుధాలున్నాయి. వాటిలో ఒకదాని పేరు తెలుగు ఇళ్ళల్లో ఎప్పటినుంచో వినిపిస్తోంది. కీళ్ళనొప్పులతో పిల్లాణ్ణి తీసుకెళ్తే చిన్న ఊళ్ళో ల్యాబు కూడా చేసే ఏఎస్ఓ పరీక్ష కొలిచేది స్ట్రెప్టోలైసిన్ ఓ అనే విషం మీదికి ఒంట్లో పుట్టిన ప్రతిరక్షకాలను. ఆ విషం కణపొరలోని కొలెస్టరాల్‌ను పట్టుకుని రంధ్రం చేస్తుంది. ఎర్రకణాలను, తెల్లకణాలను కూడా పగలగొడుతుంది. ఈ పరీక్ష మన దగ్గర ఎంత విరివిగా జరుగుతుందో, దాన్ని అంత తప్పుగానూ చదువుతున్నారు. పదే పదే గొంతు ఇన్ఫెక్షన్లు వచ్చే సమాజంలో ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లోనూ ఏఎస్ఓ ఎక్కువగా ఉంటుంది. అది కాస్త పెరిగిందని కీళ్ళవాతం ముద్ర వేసి నెలల తరబడి మందులు వాడించడం సరికాదు. మరోవైపు చర్మం మీది కురుపుల తర్వాత ఏఎస్ఓ పెరగకపోవచ్చు, చర్మంలోని కొవ్వు పదార్థాలు ఆ విషాన్ని పట్టేస్తాయి కాబట్టి. అప్పుడు చూడాల్సింది యాంటీ-డీఎన్ఏజ్ బి.

డీఎన్ఏజ్‌ల సంగతి కూడా చెప్పాలి. చచ్చిపోతున్న తెల్లకణాలు తమ డీఎన్ఏను వలలా బయటకు విసిరి క్రిములను పట్టుకుంటాయి. డీఎన్ఏను కత్తిరించే ఎంజైములతో స్ట్రెప్టోకాకస్ ఆ వలను తెంపుకుని బయటపడుతుంది. స్పె-బి అనే ఎంజైము మన కణజాలాన్నే కాదు, సందర్భాన్ని బట్టి క్రిమి సొంత ప్రోటీన్లను కూడా కోసేస్తుంది. తీవ్ర ఇన్ఫెక్షన్‌లో కొన్ని క్రిములు కోవ్-ఆర్, కోవ్-ఎస్ అనే నియంత్రణ జన్యువుల్లో మార్పు తెచ్చుకుని స్పె-బిని ఆపేస్తాయి. దానితో మిగతా ఆయుధాలు కోతపడకుండా నిలుస్తాయి, కణం చుట్టూ పొర మందమవుతుంది, దాడి ఉధృతమవుతుంది. అంటే రోగి ఒంట్లో, రోజుల వ్యవధిలో, క్రిమి మరింత ప్రమాదకరంగా మారగలదు.

రక్తపు గడ్డను కరిగించే స్ట్రెప్టోకినేజ్ కూడా ఈ కుటుంబం నుంచి వచ్చిందే. 1933లో టిల్లెట్, గార్నర్ దాన్ని కనుగొన్నారు. క్రిమి దానితో చుట్టూ ఏర్పడే గడ్డ గోడను కరిగించుకుని ముందుకు సాగుతుంది. మందుగా వాడింది గ్రూప్ సి నుంచి తీసినదాన్ని. 1986లో ఇటలీలో పదకొండు వేల మందికి పైగా రోగులతో జరిగిన అధ్యయనం గుండెపోటులో దాని విలువను తేల్చింది. ఆ మందును జన్యు సాంకేతికతతో తక్కువ ధరకు తయారుచేసిన కంపెనీల్లో రెండు హైదరాబాద్‌వి: వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్, కృష్ణ ఎల్ల స్థాపించిన భారత్ బయోటెక్. స్ట్రెప్టోకాకస్ ప్రోటీన్‌ను ఈ నగరం ఇప్పటికే పట్టి మచ్చిక చేసుకుంది. రకాలను చదవడం ఈ నగరానికి మించిన పని అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

రకమూ విషమూ కలిసి చరిత్రను ఎలా మలుపు తిప్పాయో చూడాలంటే ఎం1 రకం చాలు. ఇరవయ్యో శతాబ్దం మధ్యకల్లా సంపన్న దేశాల్లో స్ట్రెప్టోకాకస్ భయం తగ్గింది. 1935లో ప్రాంటోసిల్ అనే మందు వచ్చాక, లండన్‌లోని క్వీన్ షార్లెట్ ఆసుపత్రిలో లియొనార్డ్ కోల్‌బ్రుక్ దానితో బాలింత జ్వరం మరణాలను గణనీయంగా తగ్గించాడు. తర్వాత పెనిసిలిన్ వచ్చింది. 1980ల్లో హఠాత్తుగా ఆరోగ్యంగా ఉన్న యువకులు గంటల్లో కుప్పకూలడం డాక్టర్లు చూశారు. 1989లో డెన్నిస్ స్టీవెన్స్ బృందం అమెరికా రాకీ పర్వత ప్రాంతంలోని 20 మంది రోగుల వివరాలు ప్రచురించింది. చాలామందిలో దొరికిన క్రిమి స్పె-ఎ తయారుచేసేదే. 2014లో 3,615 జన్యుక్రమాలను చదివి ఈ ఎం1 శాఖ పుట్టుకను దశలవారీగా తిరగతోడారు: మొదట ఫేజ్‌ల ద్వారా డీఎన్ఏజ్, స్పె-ఎ వచ్చాయి. ఆపైన 1980ల ఆరంభంలో ఎం12 రకం నుంచి ఒక పెద్ద జన్యుఖండం చేరి స్ట్రెప్టోలైసిన్ ఓ ఉత్పత్తిని పెంచింది. అక్కడి నుంచి అది ప్రపంచమంతా పాకింది.

2019లో ఇంగ్లండ్ పరిశోధకులు ఎం1లోనే కొత్త శాఖను గుర్తించి ఎం1యూకే అని పేరు పెట్టారు. పాత శాఖతో పోలిస్తే జన్యుక్రమంలో తేడా 27 అక్షరాలే. కానీ స్పె-ఎ ఉత్పత్తి సుమారు తొమ్మిది రెట్లు ఎక్కువ. కొత్త విషమేమీ రాలేదు, పాత విషం కుళాయి మాత్రం ఇంకా తెరుచుకుంది. 2014 నుంచి ఇంగ్లండ్‌లో పెరుగుతున్న స్కార్లెట్ జ్వరం, 2022 చలికాలంలో పిల్లల ప్రాణాలు తీసిన తీవ్ర ఇన్ఫెక్షన్లు, డిసెంబరు 15న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు ఐరోపా దేశాల గురించి ఇచ్చిన ప్రకటన – ఈ నేపథ్యంలో ఎం1యూకే పేరు మళ్ళీ మళ్ళీ వినిపిస్తుంది. కోవిడ్ ఆంక్షల కాలంలో పిల్లలకు క్రిములతో పరిచయం తగ్గడం కూడా ఒక కారణమేనని చాలామంది భావిస్తున్నారు. ఆ వాదనలో బలం ఉంది. అయినా అన్ని రకాలూ ఒకే స్థాయిలో పెరగలేదు కాబట్టి శాఖ పాత్రను తీసిపారేయలేం.

అన్ని మహమ్మారులకూ ఎం1 కారణం కాదు. 2011లో హాంకాంగ్‌ను కుదిపిన స్కార్లెట్ జ్వరం ఎం12 వల్ల. దానికి ఎస్ఎస్ఎ, స్పె-సి మోసే ఫేజ్‌తో పాటు ఎరిత్రోమైసిన్ తరహా మందులను తట్టుకునే జన్యువులు కూడా ఉన్నాయి. ఎం89లో ఒక శాఖ తన చుట్టూ ఉండే పొరనే వదులుకుంది, దానికి బదులు రంధ్రాలు చేసే విషాన్ని పెంచుకుని దేశదేశాల్లో పైకొచ్చింది. ఎం28కు బాలింతల ఇన్ఫెక్షన్లతో సంబంధం ఉంది. దాని జన్యుపటంలో గ్రూప్ బి నుంచి తెచ్చుకున్న ఖండం కనిపిస్తుంది.

ఇంతటి క్రిమి ఒకే ఇంట్లో అన్నను గొంతునొప్పితో వదిలేసి చెల్లిని ఐసీయూకి ఎందుకు తీసుకెళ్తుంది? 2002లో మలక్ కోత్బ్ బృందం చూపించినదాని ప్రకారం హెచ్ఎల్ఏ జన్యువుల తేడా ఒక కారణం. సూపర్ యాంటిజెన్ ఎవరి కణాలకు ఎంత గట్టిగా అతుకుతుందో అది నిర్ణయిస్తుంది. ఆ విషానికి ముందే ప్రతిరక్షకాలున్నవాళ్ళు బతికి బయటపడే అవకాశం ఎక్కువ. ఆటలమ్మ, ఫ్లూ తర్వాతి రోజులు ప్రమాదకరమైనవి. ఇంట్లో ఒకరికి తీవ్ర రూపం వస్తే మిగతావాళ్ళకూ ప్రమాదం పెరుగుతుంది. మధుమేహం సంగతి ఐటీ కారిడార్‌కు ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. కుర్చీలో గంటల కొద్దీ కూర్చుని, రాత్రి షిఫ్టులు చేసి, నలభై దాటకముందే షుగర్ మాత్రలు మొదలుపెట్టినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. కాలిమీద చిన్న గీత కండరం కుళ్ళే జబ్బుగా మారడం షుగర్ ఉన్నవాళ్ళలో ఎక్కువ. బయటికి కాస్త ఎరుపే కనిపిస్తున్నా లోపల నొప్పి భరించలేనంతగా ఉంటే అదే మొదటి హెచ్చరిక. గంటలు గడిచే కొద్దీ కాలు, ఆపైన ప్రాణం చేజారతాయి.

ఇక మన నేల మీది లెక్క. వెల్లూరు సీఎంసీ, చండీగఢ్ పీజీఐ, చెన్నైలో మద్రాసు విశ్వవిద్యాలయం పరిశోధకులు ఏళ్ళ తరబడి రకాలు కట్టారు. చిత్తూరు, నెల్లూరు, కడప జిల్లాల రోగులు వైద్యానికి వెళ్ళే చోటు కాబట్టి వెల్లూరు పని మనకు మరింత దగ్గరిది. వాటన్నిటిలో తేలిన ముఖ్య విషయం వైవిధ్యం. సంపన్న దేశాల్లో కొద్ది రకాలే అధిక శాతం కేసులకు కారణం. మన దగ్గర ఏ ఒక్క రకమూ రాజ్యమేలదు, పదుల కొద్దీ రకాలు పక్కపక్కనే తిరుగుతుంటాయి. ఎం1, ఎం12 లాంటి ప్రసిద్ధ రకాల పక్కన పాశ్చాత్య పట్టికల్లో అడుగున ఉండే రకాలు మన పట్టికల్లో పైకి వస్తాయి. గ్రూప్ సి, గ్రూప్ జి కూడా గొంతుల్లో ధారాళంగా దొరుకుతాయి. కీళ్ళవాతం తెచ్చే రకాలంటూ అమెరికాలో కట్టిన పాత జాబితా ఇక్కడికి అతకదు.

కారణాల్లో చర్మం ఒకటి. ఉష్ణదేశంలో స్ట్రెప్టోకాకస్ గొంతు కంటే చర్మం మీద ఎక్కువ తిరుగుతుంది. గురుకులాల్లో, ఆశ్రమ పాఠశాలల్లో ఒక గదిలో పడుకునే పిల్లలకు గజ్జి సోకితే, గోకిన చోటల్లా ఈ క్రిమికి దారి దొరుకుతుంది. హైటెక్ సిటీలో అద్దాల మేడలు కట్టే కూలీల రేకుల షెడ్లలో పరిస్థితి వేరుగా ఉండదు. బోదకాలు మరో దారి. కోస్తా జిల్లాల్లోనూ తెలంగాణలోనూ బోదకాలు ఉన్నవాళ్ళకు వేళ్ళ సందుల్లోని పగుళ్ళ గుండా స్ట్రెప్టోకాకస్ తరచూ ప్రవేశించి, కాలు ఎర్రబడి చలిజ్వరం తెస్తుంది. అలా వచ్చిన ప్రతిసారీ వాపు మరింత గట్టిపడుతుంది. ఫైలేరియా పురుగుకు మందు వేస్తే ఆగేది కాదది. రోజూ సబ్బుతో కాలు కడిగి, వేళ్ళ మధ్య ఆరబెట్టి, పగుళ్ళకు మలాం రాస్తే చాలావరకు ఆగుతుంది. అవసరమైతే పెనిసిలిన్ ఇస్తారు. ఈ సాదా సంగతిని బోదకాలు రోగులందరికీ ఇంకా చేర్చలేకపోవడం నన్ను బాధిస్తుంది.

గుండె కవాటాల భారం అందరికీ తెలిసిందే. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కవాటాల శస్త్రచికిత్సను పేదల అందుబాటులోకి తెచ్చింది. అది గొప్ప మేలు. కానీ ఆపరేషన్ దాకా వెళ్ళిన చాలా గుండెల వెనక ఒకప్పుడు పట్టించుకోని గొంతునొప్పి ఉంటుంది. కీళ్ళవాతం వచ్చిన పిల్లలకు 21 రోజులకోసారి పెనిడ్యూర్ అనే పెనిసిలిన్ సూది వేయడం మళ్ళీ మళ్ళీ రాకుండా ఆపే నమ్మకమైన పద్ధతి. అలర్జీ భయంతో చాలా క్లినిక్‌లు ఆ సూది వేయడానికి ముందుకు రావు. తల్లులు సూది చీటీ పట్టుకుని ఆసుపత్రి నుంచి ఆసుపత్రికి తిరగడం మామూలైంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అలర్జీని ఎదుర్కొనే అడ్రినలిన్, తర్ఫీదు పొందిన నర్సు ఉంటే ఈ తిరుగుడు ఉండదు.

చికిత్స విషయంలో ఒక ఊరట ఉంది. ఎనభై ఏళ్ళు గడిచినా ఈ క్రిమికి పెనిసిలిన్ పనిచేస్తోంది. అక్కడక్కడ పెనిసిలిన్ పట్టు కొంత సడలించే జన్యుమార్పులు కనిపించినా నిజమైన నిరోధకత రాలేదు. అయితే ఇన్ఫెక్షన్ ముదిరి, క్రిములు కిక్కిరిసి, పెరగడం మందగించినప్పుడు పెనిసిలిన్ బలం తగ్గుతుంది. 1952లో హ్యారీ ఈగల్ ఎలుకల్లో దీన్ని చూపించాడు. అందుకే తీవ్ర కేసుల్లో పెనిసిలిన్‌తో పాటు క్లిండమైసిన్ ఇస్తారు. ప్రోటీన్ తయారీనే ఆపేసే మందు కాబట్టి అది విషాల ఉత్పత్తిని కట్టేస్తుంది. షాక్‌లో కొందరికి ఇమ్యూనోగ్లోబ్యులిన్ ఇస్తారు, దానిలోని ప్రతిరక్షకాలు సూపర్ యాంటిజెన్లను అడ్డుకుంటాయన్న ఆశతో. కుళ్ళిన కండరాన్ని సర్జన్ తొలగించకపోతే ఏ మందూ చాలదు. గొంతునొప్పికి మందుల షాపులో అడగ్గానే దొరికే అజిత్రోమైసిన్ మాత్రం ఈ క్రిమి మీద అన్నిసార్లూ పనిచేస్తుందన్న హామీ లేదు. పెనిసిలిన్ పడనివాళ్ళకు దాచుకోవాల్సిన మందును ఇలా వాడేయడం తప్పు.

పెనిసిలిన్ అందుబాటు విషయం కారిడార్ నడిబొడ్డుకే వస్తుంది. దేశంలో పెనిసిలిన్ జి ముడిసరుకు తయారీ దిగుమతుల ధాటికి దెబ్బతిని ఆగిపోయింది, ఏళ్ళ తరబడి చైనా మీద ఆధారపడ్డాం. రాయదుర్గంలోని నాలెడ్జ్ సిటీ మేడ నుంచి నడిచే అరబిందో ఫార్మా, తన అనుబంధ సంస్థ లైఫియస్ ద్వారా కాకినాడ దగ్గర ఏడాదికి 15,000 టన్నుల సామర్థ్యంతో పెనిసిలిన్ జి కర్మాగారం కట్టి 2024లో ఉత్పత్తి మొదలుపెట్టింది. స్ట్రెప్టోకాకస్ చరిత్ర చదివిన ఎవరికైనా ఇది సంతోషం కలిగించే వార్త.

టీకా దగ్గరికి వచ్చేసరికి రకాల ప్రశ్న మళ్ళీ ఎదురవుతుంది. 1960ల్లో ఎం ప్రోటీన్‌తో చేసిన ఒక ప్రయోగంలో టీకా తీసుకున్న కొందరు పిల్లలకు కీళ్ళవాతం వచ్చిందన్న నివేదికతో అమెరికా 1979లో ఈ క్రిమి భాగాలతో టీకాలు చేయడాన్నే నిషేధించింది. 2000ల మధ్యలో ఆ నిషేధం ఎత్తేశారు. ఇప్పుడు జేమ్స్ డేల్ బృందం 30 రకాల ఎం ప్రోటీన్ ముక్కలను కలిపిన టీకా తయారుచేసింది. ఆస్ట్రేలియా, బ్రెజిల్ శాస్త్రవేత్తలు రకం మారినా మారని భాగాలను ఎంచుకున్నారు. 30 రకాల ఎంపిక ఎక్కువగా ఉత్తర అమెరికా, ఐరోపా లెక్కల మీద జరిగింది. సమూహాలను బట్టి కొంత అదనపు రక్షణ రావచ్చునన్నది డేల్ బృందం ఆశ. ఆ టీకా గచ్చిబౌలి పిల్లల గొంతుకు, మన్యం పిల్లల చర్మానికి ఎంతవరకు సరిపోతుందో ఇక్కడి రకాలతో పోల్చి చూస్తేనే తెలుస్తుంది.

ఆ పోలికకు కావలసినవి ఇక్కడ లేవా? నగరంలోని పెద్ద ల్యాబుల్లో మాల్డి-టాఫ్ యంత్రం నిమిషాల్లో క్రిమి పేరు చెప్పేస్తుంది. అక్కడితో డాక్టరు పని అయిపోతుంది, క్రిమిని పెంచిన ప్లేటు చెత్తలోకి వెళ్తుంది. ఏ రకం అన్నది ఆ రోగి చికిత్సను మార్చదు కాబట్టి ఎవరూ అడగరు. అందులో డాక్టరు తప్పు లేదు. ఆ ప్రశ్న సమాజానిది, దాన్ని అడగాల్సింది ప్రజారోగ్య వ్యవస్థ. జాతీయ వ్యాధి నిఘా జాబితాలో తీవ్ర గ్రూప్ ఎ ఇన్ఫెక్షన్‌కు చోటు లేదు. కోవిడ్ రోజుల్లో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ – రెండూ హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థలే – దేశపు జన్యు నిఘా కూటమిలో మొదటి నుంచీ పనిచేశాయి. వైరస్ శాఖల పేర్లు టీ కొట్ల దగ్గర కూడా వినిపించాయి. అదే యంత్రాంగం నీలోఫర్, గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల నుంచీ, కారిడార్‌లోని ప్రైవేటు ఆసుపత్రుల నుంచీ వచ్చే గ్రూప్ ఎ క్రిములను భద్రపరిచి, ఎం జన్యువునూ విషపు జన్యువులనూ చదవగలదు. దానికి ప్రతి ఆసుపత్రీ చేయాల్సింది తక్కువే: రక్తంలోనో, చీములోనో, స్కార్లెట్ జ్వరం గొంతులోనో క్రిమి దొరికితే దాన్ని గడ్డకట్టించి ఉంచడం, రోగి పేరు లేకుండా వయసు, ఊరు, జబ్బు రూపం, ఫలితం రాసి పంపడం. ఆసుపత్రుల రికార్డుల సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళకు మాదాపూర్‌లో కొదువ లేదు. శంషాబాద్ నుంచి లండన్‌కు నేరుగా విమానాలు ఎగిరే నగరం కొత్త శాఖ వచ్చి ఉంటుందా అని ఊహించుకుంటూ కూర్చోనక్కర్లేదు, చూసి తెలుసుకోవచ్చు.

మొదటి ఏడాది కొన్ని వందల క్రిములు చదివినా, ఏ రకాలు పిల్లల గొంతుల్లో, ఏవి షుగర్ రోగుల కాళ్ళల్లో, ఏవి గురుకులాల కురుపుల్లో ఉన్నాయో తేలుతుంది. స్పె-ఎ మోసే శాఖలు ఎన్నో తెలుస్తుంది. జినోమ్ వ్యాలీ కంపెనీలు ఏదో ఒక రోజు స్ట్రెప్ టీకా పరీక్షకు సిద్ధమైతే, అప్పుడు కావలసింది అంతకుముందు వరసగా కొన్నేళ్ళ రకాల లెక్క. దాన్ని పరీక్ష మొదలయ్యాక వెనక్కి వెళ్ళి సంపాదించలేరు, పారేసిన ప్లేట్లు తిరిగి రావు కాబట్టి.